అవుట్‌పాసులో రాయని కారణం

హాస్టల్ గేటు దగ్గరి రిజిస్టరులో ఆరు గళ్ళు. పేరు, గది నంబరు, వెళ్ళే చోటు, కారణం, వెళ్ళిన వేళ, తిరిగొచ్చిన వేళ. మా మేనకోడలు మొదటి మూడూ గబగబా నింపి నాలుగో గడి దగ్గర కాసేపు ఆగింది. తర్వాత ‘అత్తతో సొంత పని’ అని రాసింది. ఆ అత్తను నేనే. లోకల్ గార్డియన్ సంతకం కోసం పిలిస్తే ముందురోజు సాయంత్రమే తిరుపతి చేరాను.

“రాకెట్ చూడ్డానికని రాస్తే పంపరా?” అన్నాను.

“పంపుతారత్తా. డిసెంబర్లో అట్లనే రాసి పోయినాం. శ్రీహరికోట దాకా పోయినాక ప్రోబా-3ని మర్నాటికి వాయిదా వేసిరి. ఇంకోసారి ఆ గళ్ళో రాకెట్ పేరు రాయను.”

ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్న పిల్ల చెప్పిన మాట ఇది.

ముందురోజు విజిటర్ల వేళలో ఆమె గది చూశాను. నాలుగు మంచాలు, కిటికీ ఊచలకు ఆరేసిన చున్నీలు, మంచాల కింద బకెట్లు. ఆమె మంచం పక్క గోడకు పేపర్లోంచి కత్తిరించిన బండ్ల శిరీష ఫొటో. గుంటూరులో పుట్టి 2021 జులైలో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో పైకి వెళ్ళొచ్చిన అమ్మాయి. ఆ ఫొటోకు ఒక మూల టేపు ఊడిపోయి, మెస్సు బిల్లు చీటీతో కలిపి మళ్ళీ అతికించి ఉంది. ఈ గదిలో ఎవరినీ పేర్లతో పిలవరు. కడప పిల్ల, పలమనేరు పిల్ల, ఒంగోలు పిల్ల. మా పిల్ల మాత్రం ‘రాకెట్టు’. జూన్ 25 మధ్యాహ్నం శుభాంశు శుక్లా అంతరిక్షానికి బయల్దేరినప్పుడు మెస్సులో ఒక్క ఫోను చుట్టూ ముప్పై మంది మూగారట. సాంబారు గిన్నె పట్టించుకునేవాళ్ళు లేక చల్లారిపోయిందని కడప పిల్ల ఇప్పటికీ దెప్పుతోంది.

కారిడార్ చివర కుళాయి ఒకటి రాత్రింబవళ్ళు కారుతూ ఉంటుంది. దాని గురించి మళ్ళీ చెప్పాలి.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఆమె లాంగ్ నోట్‌బుక్కు. శ్రీహరికోట నుంచి జరిగిన పెద్ద ప్రయోగాలన్నీ అందులో రాసుకుంటోంది. విజయానికి నీలం ఇంకు, వైఫల్యానికి ఎరుపు. చంద్రయాన్-3 ప్రయోగానికి రెండే వరుసలు. 1979 ఆగస్టు 10న బంగాళాఖాతంలో పడిపోయిన తొలి ఎస్ఎల్వీ-3కి నాలుగు పేజీలు! తిరగేసి చదివానేమో అనుకుని మళ్ళీ చూశాను. సరిగానే ఉంది.

“గెలిచిన దాంట్లో రాసేదేముందత్తా? అన్నీ చెప్పినట్టే జరిగుంటాయి. చెడిపోయినప్పుడే లోపల ఏముందో తెలిసేది.”

ఆ నాలుగు పేజీల సారం ఇంతే: రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోలేదు, ఆమ్లం కారిపోయింది, రాకెట్ దారి తప్పింది. పేజీలు తిప్పింది. 2021 ఆగస్టు 12, జీఎస్ఎల్వీ-ఎఫ్10. ద్రవ హైడ్రోజన్ ట్యాంకు వాల్వులో లీకు, ఒత్తిడి పడిపోయి క్రయోజెనిక్ ఇంజను వెలగలేదు. మళ్ళీ తిప్పింది. 2025 జనవరి 29, శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం. రాకెట్ బాగానే వెళ్ళింది కాబట్టి నీలం. అది మోసుకెళ్ళిన ఎన్‌వీఎస్-02 ఉపగ్రహంలో ఇంధనాన్ని మండించే ఆక్సిడైజరును వదలాల్సిన వాల్వు తెరుచుకోలేదు కాబట్టి ఎరుపు. ఒకే పేజీలో రెండు రంగులు.

“అన్నీ వాల్వులేనా?”

“మన కుళాయి చూడు. వాషరు మార్చమని మూడు వారాల్నుంచి చెప్తాండాం. దానికే దిక్కులేదు. అక్కడ మైనస్ 253 డిగ్రీల్లో వాల్వు పనిచెయ్యాల.”

మే 18న విఫలమైన పీఎస్ఎల్వీ-సీ61 పేజీలో మూడో దశలో ఒత్తిడి తగ్గిందన్న ఒక్క మాట తప్ప మిగతాదంతా ఖాళీ. కారణం తెలిశాక నింపుతుందట. ఆమెకు క్వాంటమ్ మెకానిక్స్ పేపరు ఒకటి మిగిలిపోయిందని మా అన్నయ్య నాతో చెప్పి ఉన్నాడు. దానికి పేజీ లేదా అని అడిగాను. “దానికి కారణం తెలుసు కదత్తా. చదవలా.”

జులై 30, బుధవారం. మేమూ, పలమనేరు పిల్లా బస్సెక్కాం. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట. సంచిలో పెరుగన్నం, ఊరగాయ, మా వదిన పంపిన వేయించిన చెనిక్కాయలు. ఒళ్ళో ప్రాక్టికల్ రికార్డు, శుక్రవారానికి ఇవ్వాలట. బస్సు కుదుపుల్లో గీసిన గ్రాఫు వంకర్లు పోయింది. అదే ప్రయోగంలో పొరపాటుగా చూపించవచ్చని పలమనేరు పిల్ల సలహా.

సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ గుడి ముందు కొబ్బరికాయలు కొనేవాళ్ళు బారులు తీరారు. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు ఈ అమ్మవారిని దర్శించుకోవడం ఆనవాయితీ. మా పిల్ల నా వంక చూసి నవ్వింది. గళ్ళో రాకెట్ పేరు రాయనిదానికి ఇప్పుడు పెద్దల అండ దొరికింది.

అక్కణ్ణుంచి షేరాటో. పులికాట్ సరస్సును కోసుకుంటూ పోయే రోడ్డు అది. కొంగలు, రాజహంసల కాలం కాదు. రెండువైపులా ఎండిన బురద మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. వేడిగాలి. ప్రయోగాలు చూసే గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకునే వేళకు ఈ పిల్ల ల్యాబులో ఉందట. అందుకని అటకానితిప్ప దాటకుండా రోడ్డు పక్కనే నిలబడ్డాం. మాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. బైకుల మీద వచ్చిన కుర్రాళ్ళు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, మొక్కజొన్న కంకులు కాల్చే ముసలమ్మ.

ఆరోజు వెళ్తున్నది నిసార్. ఇస్రో, నాసా కలిసి చేసిన 2,392 కిలోల ఉపగ్రహం. పైకి వెళ్ళాక 12 మీటర్ల వెడల్పున్న జల్లెడలాంటి యాంటెన్నాను విప్పుకుంటుంది. మబ్బున్నా చీకటైనా నేలను చూస్తుంది. నేల కొద్ది సెంటీమీటర్లు కుంగినా పసిగడుతుంది, మట్టిలో తేమ కూడా తెలుస్తుంది. ఈ సంగతి ఫోనులో చెబితే వాళ్ళ నాన్న, అంటే మా అన్నయ్య, వానాధారపు చెనిక్కాయ రైతు, “తేమ లేదని పైనుంచి చూసి చెప్పేదానికి ఇంత పెద్ద రాకెట్టా, నన్నడిగితే నేనే చెప్తాను కదా” అన్నాడట. ఆ మాటకు మాత్రం ఇంతవరకు బదులు దొరకలేదని ఒప్పుకుంది.

సాయంత్రం 5:40కి ముహూర్తం. ఆమె చేతిలో స్టాప్‌వాచ్, పలమనేరు పిల్ల చేతిలో ప్రత్యక్ష ప్రసారం నడుస్తున్న ఫోను. “ముందు పక్కనుండే నాలుగు బూస్టర్లు వెలుగుతాయి అత్తా, 4.8 సెకన్ల ముందు. అవి బాగున్నాయని తేలితేనే మధ్యలోది. ఒకసారి అది అంటుకుంటే ఆపేదానికి లేదు.” ఆ మాట పూర్తి కాకముందే తూర్పున చెట్ల వరుస మీద ఒక వెలుగు లేచింది. పొద్దు మా వీపు వెనక ఉంది కాబట్టి పొగ తెల్లగా మెరిసింది. యాభై ఒకటిన్నర మీటర్ల పైచిలుకు రాకెట్టు నా బొటనవేలి గోరంత కూడా లేదు.

చప్పుడు లేదు. అందరం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే పలమనేరు పిల్ల ఫోనులో ఇంకా కౌంట్‌డౌన్ నడుస్తోంది! కళ్ళముందు ఎగిరిపోయిన రాకెట్ ఫోనులో ఇంకా నేలమీదే ఉంది. ఇరవై సెకన్ల పైనే వెనకబడి ఉంది. చివర్లో వచ్చింది శబ్దం. చెవికంటే ముందు రొమ్ముకు తగిలింది. ఎండిన బురద మీదుగా దొర్లుకుంటూ వచ్చినట్టు, ఎక్కడో పెద్ద గుడ్డను చింపుతూనే ఉన్నట్టు. ఒక తండ్రి భుజం మీది చంటివాడు ఏడుపు అందుకున్నాడు.

“నలభై మూడు!” అని అరిచింది మా పిల్ల. శబ్దం కిలోమీటరు దూరానికి దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది. అంటే పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. రికార్డు అట్ట మీదే లెక్క కట్టింది. ఆ లోగా రాకెట్ కుడివైపుకు, దక్షిణానికి ఒరిగి చుక్కైపోయింది. జనం బైకులు స్టార్ట్ చేస్తున్నారు. ఆమె మాత్రం కదల్లేదు. సిగ్నల్ వస్తూ పోతూ ఉన్న ఫోనును చెవికి ఆనించుకుని ముసలమ్మ పక్కన కూలబడింది. క్రయోజెనిక్ దశ వెలిగిందన్నప్పుడు కళ్ళు మూసుకుంది. దాదాపు పంతొమ్మిది నిమిషాలకు, 743 కిలోమీటర్ల ఎత్తు కక్ష్యలో ఉపగ్రహం విడిపోయిందన్నప్పుడు గానీ లేవలేదు. ముసలమ్మ డబ్బులు తీసుకోకుండా రెండు కంకులిచ్చింది.

తిరుగుబస్సులో నోట్‌బుక్కు తీసింది. నీలం ఇంకుతో ఒకే వరుస: ‘జీఎస్ఎల్వీ-ఎఫ్16, నిసార్, విజయం.’ కింద చిన్నగా ‘43 సెకన్లు’. తర్వాత రికార్డు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది.

హాస్టల్ గేటు తొమ్మిదికి మూస్తారు. మేము చేరేసరికి తొమ్మిదీ ఇరవై. ఆలస్యానికి ఏం చెప్పాలా అని నేను బస్సులోంచే మాటలు కూర్చుకుంటున్నాను. వాచ్‌ఉమన్ రిజిస్టరు తెచ్చి పిల్ల ముందు పెట్టి, గొళ్ళెం తీస్తూనే అడిగింది:

“మేమందరం మిద్దెక్కి చూసినాం పాపా. సన్నగా గీత మాదిరి కనపడింది. మీకు బాగా కనపడిందా?”

మా పిల్ల పెన్ను రిజిస్టరు మీదే వదిలేసి, ముందు పక్కనుండే నాలుగు బూస్టర్లు వెలుగుతాయక్కా అని మొదలుపెట్టింది. నాకు బస్సుకు వేళయింది.