తెర మీద పడిన జడ

గుడివాడలో పొద్దుపోయాక జనం ఎక్కడుంటారని ఎవరిని అడిగినా సినిమా హాలు వైపు చూపిస్తారు. తప్పేమీ లేదు. ఆ పక్క రామాపురంలో పుట్టినవాడు అక్కినేని నాగేశ్వరరావు, ఈ పక్క నిమ్మకూరులో పుట్టినవాడు ఎన్.టి. రామారావు. ఇద్దరూ కలిసి నటించిన 'మాయాబజార్' 1957లో వచ్చింది. ఆ సినిమాకు నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిది కూడా ఈ చుట్టుపక్కల ఊరే. పామర్రు సెంటర్లో బందరు రోడ్డు దాటి చల్లపల్లి దారి పడితే వచ్చే కూచిపూడి. సినిమా హాళ్లు లేని కాలంలో ఈ డెల్టాకు రాత్రి వినోదం అంటే అక్కడి భాగవతులే.

నేను వెళ్లింది కోతలైపోయి, పొలాల్లో మినుము మొలిచిన రోజుల్లో. సాయంత్రం సిద్ధేంద్రయోగి కళాపీఠంలో పిల్లలు అడవులు (నృత్యపు అడుగుల వరసలు) సాధన చేస్తున్నారు. మాస్టారు కర్రతో చెక్క మీద తాళం వేస్తుంటే, కాలు కొంచెం ఆలస్యంగా పడ్డ పిల్ల ముఖం చూసి అక్కడే ఆపి మళ్లీ మొదటినుంచి చేయించారు. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఒకప్పుడు ఈ ఆటలో ఆడవేషం కూడా మగవాళ్లే కట్టేవారు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణశర్మ గారే అని చెప్పుకునే తరం ఇంకా ఉంది. ఆయన 2012లో పోయారు. మద్రాసులో 1963లో అకాడమీ పెట్టి ఈ నృత్యాన్ని దేశదేశాలకు తీసుకెళ్లిన వెంపటి చినసత్యం గారూ అదే ఏడాది పోయారు.

గుడి వీధిలో అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన పలకరించారు. భాగవతుల కుటుంబం వారిది.

"చూడ్డానికి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు బాబూ. సిద్ధేంద్రుడి విగ్రహం దగ్గర ఫొటో దిగుతారు, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతారు. మా ఆట చూడాలంటే భోంచేసి రావాలి, తెల్లారాక వెళ్లాలి."

"ఇప్పుడు తెల్లవార్లూ ఎవరు కూర్చుంటారండీ?" అన్నాను.

"ఆడేవాళ్లుంటే కూర్చుంటారు. ఇవాళ ఉండి చూడు."

గోలకొండ తానీషా బందరుకు పోతూ ఈ ఊళ్లో మకాం వేశాడనీ, ఆ రాత్రి భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి అగ్రహారం ఇచ్చాడనీ ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. 17వ శతాబ్దం చివరి మాట. అప్పటికి బందరు పెద్ద రేవు. ఇంగ్లీషువాళ్లు 1611లోనే వచ్చి వ్యాపారం మొదలుపెట్టారు, కలంకారీ బట్టలు ఓడలెక్కుతున్నాయి. ఆ దారిన పోయే బాటసారికి ఈ ఊరు ఇచ్చిన రాత్రి అది. దాన్ని చూసినవాడు రాజు కాబట్టి మనకు తెలిసింది. అలా ఆగి చూసిపోయిన వర్తకులు, బండివాళ్లు ఎందరో ఉండే ఉంటారు.

రాత్రి తొమ్మిది దాటాక పందిట్లో నీళ్లు చల్లారు, ముగ్గు వేశారు, సాంబ్రాణి ధూపం పట్టారు. ఏనుగు ముఖం తగిలించుకున్న బాలుడు వినాయకుడిగా వచ్చి దీవించి వెళ్లాడు. మృదంగం, వయొలిన్, హార్మోనియం ఒక పక్క. వంకరకర్ర పట్టుకుని తాళం వేసే సూత్రధారుడు నడుమ. ఇద్దరు మనుషులు తెర పట్టుకున్నారు. ఆ తెర మీదుగా ఇవతలికి ఒక జడ వచ్చి పడింది. నన్ను గెలవగల వాళ్లుంటే రండని సత్యభామ సభకు విసిరే సవాలు అది. మనిషి కనపడక ముందే పొగరు కనపడాలి. ముందు వరుసలో నిద్రకు తూగుతున్న పిల్లాడు లేచి కూర్చున్నాడు.

ఒకప్పుడు ఇక్కడ విద్యుద్దీపాల చోట కాగడాలు ఉండేవి. పాత్ర ప్రవేశించేటప్పుడు గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేచేదట.

అర్ధరాత్రి దాటాక సత్యభామ కృష్ణుడికి ఉత్తరం రాసింది. ఈ ఘట్టాన్ని హాళ్లలో ఇరవై నిమిషాల అంశంగా చాలాసార్లు చూశాను. ఇక్కడ ఆమె రాయడం మొదలుపెడుతుంది, సిగ్గుపడి ఆపేస్తుంది, చెలికత్తె మాధవి ఏదో అంటుంది, సభ నవ్వుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. మాధవి మాటల్లో ఆ ఏటి ధాన్యం ధర కూడా దొర్లింది. ఎదురుచూడడం అంటే ఏమిటో చూసేవాడికీ తెలియాలంటే వాడూ కాసేపు ఎదురుచూడాలి. అందుకే ఈ ఆట రాత్రికి పుట్టింది. విడి నృత్యాలుగా వేదికెక్కినప్పుడు అడుగులు మిగిలాయి, అభినయం మిగిలింది. పాత్ర తన నోటితో సభతో మాట్లాడే వాచికం చాలావరకు పోయింది. 2010లో హైదరాబాదు స్టేడియంలో 2,800 మందికి పైగా ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. సంతోషమే. కానీ ఆ రాత్రి కూచిపూడి పందిట్లో నేను చూసినది అలాంటి చోట దొరకదు.

కొచ్చిలో ప్రతి సాయంత్రం కథకళి నటుడు ముఖానికి రంగు వేసుకోవడం దగ్గర్నుంచీ బయటి ఊళ్లవాళ్లు కూర్చుని చూస్తారు. కర్ణాటక తీరంలో యక్షగాన మేళాలు నవంబరు నుంచి మే దాకా ఊరూరా ఆడుతూనే ఉంటాయి. మన దగ్గర బందరు వచ్చినవాళ్లకు మంగినపూడి బీచి చూపిస్తాం, దివిసీమ వెళ్లేవాళ్లకు మోపిదేవి, హంసలదీవి చూపిస్తాం. రెండు దారులకూ దగ్గర్లో ఉన్న కూచిపూడిలో రాత్రి ఆగమని మాత్రం చెప్పం.

పర్యాటక శాఖవారికి నా విన్నపం ఒక్కటే. నెలకో రాత్రి, అదీ ముందే ప్రకటించిన తేదీన, కూచిపూడిలో ఈ సత్యభామ ఆటను, అంటే భామాకలాపాన్ని, పూర్తిగా ఆడించండి. ఆటగాళ్లకు తగిన పారితోషికం ఇవ్వండి, వచ్చినవాళ్లకు పడుకోను చోటు, తెల్లవారి బందరుకూ గుడివాడకూ బస్సు ఏర్పాటు చెయ్యండి. ఈలోగా చదువరులు కూడా ఒక పని చేయవచ్చు. ఆ దారిన వెళ్లినప్పుడు సాయంత్రం బస్సు ఎక్కేముందు, ఆ రాత్రి ఊళ్లో ఆట ఉందేమో అడగండి. ఉందంటే ఆగిపోండి.