తిరగబడితే లేవని పడవ

కాటమరాన్ అనే ఇంగ్లీషు మాట మన పక్కనున్న తమిళం నుంచే వెళ్ళిందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కట్టుమరం, అంటే కట్టిన మాను. మా భీమిలి వైపు తెప్ప అంటారు. తమాషా ఏంటంటే, మన తెప్ప దుంగల్ని పక్కపక్కన చేర్చి తాళ్ళతో బిగించింది. ఇప్పుడు కాటమరాన్ పేరుతో అమ్ముతున్న జంట పడవకి అసలు పూర్వీకులు పసిఫిక్ దీవుల వాళ్ళ పడవలు. పేరు మనది, డిజైను వాళ్ళది. ఔట్‌సోర్సింగ్ అప్పట్నుంచే ఉందన్నమాట :-)

ఇంతకీ ఈ గోలంతా ఎందుకంటే, సియాటిల్ పక్కన మా గరాజులో రెండేళ్ళుగా అలాంటి పడవొకటి కట్టాను. పేరు టికి 21. డిజైను చేసిన జేమ్స్ వారమ్ ఇంగ్లండు మనిషి, 1950లలోనే తన చేత్తో కట్టుకున్న కాటమరాన్‌లో అట్లాంటిక్ దాటాడు. 2021లో పోయాడు. 6.4 మీటర్ల పొడవుండే ఈ టికి 21లోనే రోరీ మెక్‌డూగల్ అనే ఆయన 1991 నుంచి 1997 దాకా ప్రపంచం చుట్టొచ్చాడు. రెండు హల్‌లు (అచ్చులూ హల్లులూ కాదండీ, నీళ్ళలో ఉండే డొల్లలు), వాటిని కలుపుతూ అడ్డదూలాలు. దూలాల్ని డొల్లలకి బోల్టులతో బిగించరు, తాళ్ళతో కడతారు. అల కొట్టినప్పుడు తాడు కాస్త సాగి ఆ దెబ్బని మింగుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం మా తెప్పల వాళ్ళూ వారమూ ఒకే బళ్ళో చదివినట్టున్నారు.

మొదలుపెట్టిన నెలలోనే మా ఆవిడ అడిగింది: "తిరగబడితే మళ్ళీ లేస్తుందా?"

లేవదు. ఉన్న నిజం అదే, అదే చెప్పాను. "అయితే దానికేం చేస్తారో చెప్పేదాకా పిల్ల ఎక్కదు" అంది. మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఆ తర్వాత నేను కొన్న ప్రతి సామానూ ఆ ఒక్క మాటకి జవాబే.

కాస్త లెక్కలోకి వెళ్దాం. ఒంటి డొల్ల పడవకి అడుగున సీసమో ఇనుమో బరువుంటుంది. గాలి తోస్తే ఒరుగుతుంది, ఒరిగితే తెరచాపలోంచి గాలి జారిపోతుంది, అడుగు బరువు మళ్ళీ నిలబెడుతుంది. జంట పడవకి ఆ బరువు లేదు, వెడల్పే దాని బలం. గాలి వైపు డొల్ల నీళ్ళు వదిలే క్షణానికి దాని పూర్తి శక్తి వాడేసినట్టే. అక్కణ్ణుంచి తగ్గడమే. తలకిందులయ్యాక అలాగే హాయిగా స్థిరపడిపోతుంది.

పడవా, మనుషులూ, సామానూ కలిపి 600 కిలోలనుకుందాం. రెండు డొల్లల మధ్యగీతల నడుమ 2.8 మీటర్లనుకుందాం. బరువు నడిమధ్యన ఉంటుంది కాబట్టి సగం తీసుకుంటే 600 × 1.4 = 840 కిలోగ్రామ్-మీటర్లు. గాలికి ఎదురు నిలవగలిగింది అంతే. ఇక తెరచాప 19 చదరపు మీటర్లు, దాని మీది తోపు నీళ్ళకి మూడున్నర మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, 15 నాట్ల గాలికి నా లెక్కలో 290 వచ్చింది. బలం వేగం వర్గంతో పెరుగుతుంది కదా, 21 నాట్లకి 570, 25 నాట్లకి 810. అంటే 25 దాటితే ఒక డొల్ల గాల్లో ఉంటుంది. సగటున 18 వీచే రోజున 25 నాట్ల విసురు రావడం పెద్ద వింతేం కాదు.

మన భాషలో చెప్పాలంటే ఒంటి డొల్ల పడవ ఒరుగుతూ వార్నింగుల మీద వార్నింగులు లాగులో రాస్తుంది. జంట పడవ నిటారుగా నవ్వుతూ ఉండి ఒక్కసారే క్రాషవుతుంది. అందుకే నేను కొన్న మొదటి సామాను గాలి వేగం కొలిచే మీటరు. 15 నాట్లకి తెరచాప ఒక మడత తగ్గించాలి, 20కి రెండోది, అని రాసి చుక్కాని పక్కన అంటించాను. పడవ మీద ఉన్నప్పుడు బాగా అనిపిస్తోందా లేదా అన్న చర్చే లేదు. నంబరు చూడు, తగ్గించు.

ఒరగని పడవలో ఇంకో చిక్కుంది. విసురు వచ్చినప్పుడు ఒరిగి తప్పించుకోదు కాబట్టి ఆ బలమంతా స్తంభాన్ని పట్టి ఉంచే తీగల మీదా, వాటి కొక్కేల మీదా పడుతుంది. ఇక్కడ చవక పనికిరాదు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు (పేరెందుకు లెండి) 316 అని ముద్ర ఉన్న స్టీలు షాకిళ్ళు పంపాడు. 316 స్టీలులో రెండు శాతం పైన మాలిబ్డినం ఉంటుంది, ఉప్పునీళ్ళని తట్టుకునేది దాని వల్లే. 304లో అది ఉండదు. అయస్కాంతంతో ఈ రెంటికీ తేడా తెలియదు. చుక్క వేసి చూసే మాలిబ్డినం కిట్టు దొరుకుతుంది, వేసి చూశాను. పన్నెండిట్లో ఏడు 304. అన్నీ వెనక్కి పంపేశాను. స్తంభం పట్టు తీగలకి స్టీలు మానేసి డైనీమా తాడు వేశాను. అదే మందానికి స్టీలు తీగ కంటే గట్టిది, బరువు దాదాపు ఎనిమిదో వంతు. ఎండకీ ఒరిపిడికీ పాడవుతుంది నిజమే, కానీ ఆ పాడవడం కంటికి కనిపిస్తుంది. స్టీలు ఫిట్టింగు లోపల్లోపల తినేసుకుని ఒకరోజు చెప్పకుండా తెగుతుంది.

తర్వాత బరువు. ఖాళీ పడవ దాదాపు 360 కిలోలు, మోయగలిగేది 450. వినడానికి బోలెడు. ముగ్గురు మనుషులూ, ఇంజనూ, నీళ్ళూ, బ్యాటరీ వేసి చూడండి, ఇట్టే కరిగిపోతుంది. 8 మిల్లీమీటర్ల లంగరు గొలుసు మీటరుకి కిలోన్నర దాకా తూగుతుంది, 30 మీటర్లంటే ఇంకో చిన్న మనిషి. అందుకని 8 మీటర్లు గొలుసు, మిగతాది నైలాన్ తాడు. "బరువు పెరిగితే ఆ 840 కూడా పెరుగుతుంది కదా, మంచిదేగా" అని మా ఆఫీసులో ఒకాయన తెలివిగా అడిగాడు. పెరుగుతుంది. దాంతోపాటు పడవ నీళ్ళలో దిగుతుంది, అలలు దూలాల్ని కొడతాయి, కట్టిన తాళ్ళ మీదా తీగల మీదా భారం పెరుగుతుంది, సన్నటి డొల్లల వల్ల వచ్చే వేగమూ పోతుంది. ప్రాజెక్టు మధ్యలో ఫీచర్లు చేర్చే మేనేజరు ఎవరైనా గుర్తొచ్చారా?

ఇంత చేసినా తిరగబడితే? ప్లైవుడ్ పడవ, అడుగున సీసం లేదు, కాబట్టి మునగదు. ఆ తలకిందుల పడవే మన దీవి. కానీ ఇక్కడి నీళ్ళు ఎండాకాలంలో కూడా చాలాచోట్ల 13 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి. మనిషిని ముందు చంపేది చలి. అందుకే ముగ్గురికీ నీళ్ళు చొరని డ్రైసూట్లు కొన్నాం, వాటి ఖర్చు దాదాపు ప్లైవుడ్ మొత్తానికి అయినంత. రేడియో పడవకి కాదు, లైఫ్‌జాకెట్‌కే. ఉపగ్రహం ద్వారా సాయం పిలిచే బీకను జేబులో. పడవ అడుగు పైకొచ్చాక కూడా చేతికందేలా కట్టిన సంచీ ఒకటి. వించీలూ మెరిసే పుల్లీలూ వీటి తర్వాతే. అవి చాలావరకు పాత సామాన్ల కొట్లోవే.

క్రిందటి ఆగస్టులో మా ఆవిడ ముందుగా తనొక్కతే నాతో వచ్చింది. ఎండ, నీలం నీళ్ళు, పడవ మాంచి ఊపు మీదుంది. నాకైతే ఇంకాసేపు అలాగే పోనివ్వాలనుంది. తను మీటరు చూసి "పదిహేనొచ్చింది, తగ్గించండి" అంది. తగ్గించాను. ఒడ్డుకొచ్చాక, అమ్మాయి డ్రైసూటు ఇంకో సైజు పెద్దది తీసుకోవాల్సింది అంది. అదే అనుమతి అని నాకు అర్థమైంది.

పడవ కొనాలనో కట్టాలనో ఉండి ఏ కంపెనీ పుల్లీలు మంచివని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ముందు మీ పడవకి ఆ 840 ఎంతో కట్టుకోండి. ఆ నంబరు తెలిశాక ఏం కొనాలో, అంతకంటే ముఖ్యంగా ఏం కొనక్కర్లేదో, సగం జాబితా దానంతటదే తేలిపోతుంది.