ఆరోవంతు

"ఏం సార్, మాల్దీవుల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వదులుకొని వచ్చేస్తిరే?" అని కడపలో ఇప్పటికీ అడుగుతుంటారు. జీతం చాలలేదంటే వెంటనే నమ్ముతారు. అందులో అబద్ధమూ లేదు. 2011 ఏప్రిల్‌లో అక్కడి రుఫియా విలువ తగ్గించారు. డాలరుకు 12.85 ఉన్నది 15.42 దాకా వెళ్లింది. మా జీతం రుఫియాల్లో, ఇంటికి పంపేది డాలర్లలో. జీతం అంకె మారకుండానే ఆరోవంతు కరిగిపోయింది.

అయితే మనసు అంతకు ముందే కదిలింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తినప్పుడు, మా బడిలోనే పనిచేసే కర్నూలు సారు రెండు రాత్రులు కలవని ఫోను చెవిన పెట్టుకొని కూర్చున్నారు. చుట్టూ సముద్రం, ఆయన అడుగుతున్నది మాత్రం తమ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయని. శుక్ర, శనివారాల సెలవు ముగిసింది. ఆదివారం తరగతికి వెళ్లి భూతకాల క్రియలు చెప్పారు.

జీతంలో కొంత పాఠానికి, కొంత దూరానికి ఇస్తారని ఆనాడు అర్థమయింది. 2011లో పోయింది ఆ దూరానికిచ్చే వంతే అనిపించింది.

రాజీనామా పత్రంలో 'స్వంత కారణాలు' అని రాశాను. ఇంగ్లీషు చెప్పేవాణ్ణే అయినా అంతకన్నా సరైన మాట దొరకలేదు.