ఒక్క అక్షరం వల్ల మాయమైన ఫోల్డర్

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి. కంప్యూటర్ కోర్సు చదివేవాళ్లకు పనికొస్తుంది, మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేటట్టే రాస్తున్నాం.

పోయిన సెలవుల్లో మేం నలుగురం కలిసి ఒక చిన్న ప్రోగ్రాం చేశాం. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని మా ఊళ్లల్ల పెద్దవాళ్లు చెప్పిన కథలు, పాడిన పాటలు ఫోన్‌లో రికార్డు చేసి, నెట్ లేకున్నా హాస్టల్ కంప్యూటర్‌లో వినాలని మా ఆశ. రాసింది సీ ప్లస్ ప్లస్‌లో. ఒకరి దగ్గర విండోస్, ఇంకొకరి దగ్గర లినక్స్ ఉన్నాయి కాబట్టి బిల్డ్‌కు సీమేక్ వాడాం. బిల్డ్ అంటే మనం రాసిన ఫైళ్లన్నీ కలిపి నడిచే ప్రోగ్రాంగా మార్చడం. ఏది కలపాలో, ఏది వదలాలో సీమేక్‌కు షరతులు రాసివ్వాలి.

గోండుకు జీ, కోలాంకు కే, లంబాడాకు ఎల్, పర్ధాన్‌కు పీ, తోటికి టీ, నాయకపోడుకు ఎన్ అని ఒక్కో ఇంగ్లిష్ అక్షరం కోడ్ పెట్టుకున్నాం. రికార్డింగ్ పూర్తికాని ఫోల్డర్‌కు కోడ్ ఖాళీగా ఉంచుతాం. షరతు కూడా చిన్నదే: కోడ్ ఉంటే కలుపు, లేకుంటే వదిలెయ్. బిల్డ్ అయింది. ఒక్క ఎర్రర్ రాలేదు.

హాస్టల్‌లో అందరికీ చూపించిన రోజు ఎవరి పాటలు వాళ్లు తెరిచి విన్నారు. నాయకపోడు తమ్ముడు పైకీ కిందికీ వెతికి, "అన్నా, మాది యాడుంది?" అన్నాడు. వాళ్ల అవ్వ పాట కోసం రెండుసార్లు ఊరికి పోయివచ్చిన పిల్లగాడు. మేం చూస్తే నిజంగానే లేదు. "మాది ఎప్పుడూ గంతే అన్నా, లిస్టుల ఆఖరికి ఉంటది, లేకుంటే ఉండనే ఉండది" అని నవ్విండు. ఆ నవ్వుకు మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రాత్రి ఫైల్ పేరు చూశాం, ఫోల్డర్ మళ్లీ కాపీ చేశాం, రికార్డింగ్ చెడిపోయిందేమో అని విన్నాం. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు మాలో ఒకరు అన్నారు: "ఫోల్డర్‌ను అడుగుడు ఆపి, ఇఫ్‌నే అడుగుదాం." సీమేక్‌కు డాష్ పీ అని ఇస్తే ప్రాజెక్ట్ లేకుండా ఒక్క స్క్రిప్టునే నడుపుతుంది. అందులో ఒక లూప్ రాసి, ఒక్కో విలువను వేరియబుల్‌లో పెట్టి, ఇఫ్ ఏమంటుందో ప్రింట్ చేయించాం. జీ అవును, కే అవును, ఎల్, పీ, టీ అవును. ఎన్ మాత్రం కాదు!

సీమేక్ పత్రాలు తీసి చదివితే తెలిసింది. దాని లెక్కలో ఖాళీ, సున్నా, ఆఫ్, నో, ఫాల్స్, ఇగ్నోర్, నాట్‌ఫౌండ్ అన్నీ 'కాదు' కిందికే వస్తాయి. ఒంటరి ఎన్ కూడా అంతే, అది నో అన్నమాటకు పొట్టి రూపం. చిన్నక్షరమైనా పెద్దక్షరమైనా ఒకటే. మేం అడిగింది "కోడ్ ఉందా?" అని. అది విన్నది "కోడ్ అవునా, కాదా?" అని. తప్పు పనిముట్టుది కాదు, దాని నియమం చదవకుండా రాసిన మాది.

తొందరపడి కోడ్ విలువ చుట్టూ కోట్స్ పెట్టాం. ఈసారి ఆరుగురూ మాయం! కోట్స్‌లో ఉన్న మాట అవును, ఆన్, ట్రూ, వై, 1 లాంటి 'నిజం' పదమైతేనే ఇఫ్ ఒప్పుకుంటుందట. వేరియబుల్ పేరు ఇస్తే 'కాదు' పదం కాకపోతే చాలు. చూడ్డానికి ఒకే షరతు, జవాబులు మాత్రం తలకిందులు. ఆఖరికి స్ట్రింగ్ ఈక్వల్ అనే పోలికతో "ఖాళీతో సమానం కాదా?" అని సూటిగా అడిగాం. ఆరూ వచ్చాయి. కోడ్ అక్షరాలు తీసేసి పూర్తి పేర్లే పెట్టాం.

ఆ పరీక్ష స్క్రిప్టును పారేయలేదు. ప్రతి బిల్డ్‌కు ముందు నడుస్తుంది, ఆరు ఫోల్డర్లలో ఒక్కటి తగ్గినా ఎర్రర్‌తో ఆగిపోతుంది. చప్పుడు లేకుండా వదిలేయడం ఇక కుదరదు.

మీరూ షరతు రాస్తే అవును వచ్చే విలువ ఒక్కటే చూసి వదలకండి. ఖాళీ, సున్నా, నో, ఒంటరి అక్షరం కూడా ఇచ్చి చూడండి. ఎర్రర్ రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. మాకు తప్పు చూపించింది కంప్యూటర్ కాదు, "మాది యాడుంది?" అని అడిగిన తమ్ముడు. అట్లా అడిగేవాళ్లను ముందే పక్కన కూచోబెట్టుకోండి.

వాళ్ల అవ్వ పాట ఇప్పుడు వస్తుంది. మొన్న వాడే ప్లే చేసి అందరికీ వినిపించాడు.