మత్తుకు ముందు

భిలాయ్ సెక్టార్ 9 ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటర్ బయట ఎవరో తెలుగులో అడిగారు: "మత్తు ఇచ్చేశారా?" ఎంత మామూలు ప్రశ్న! కానీ ఒకప్పుడు దానికి తావే లేదు. కోతకు ముందు మద్యం పట్టించమన్నాడు ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు. శతాబ్దాల తర్వాత కూడా రోగిని నలుగురు అదిమి పట్టుకోవడం, కత్తి త్వరగా ఆగాలని వేడుకోవడం తప్పలేదు. 1846లో బోస్టన్‌లో ఈథర్, మరుసటి ఏడు ఎడిన్‌బరోలో క్లోరోఫాం మత్తుమందులుగా వచ్చాయి. క్లోరోఫాం గుండెకు ముప్పా అని తేల్చేందుకు 1888, 1889లలో మన హైదరాబాద్‌లోనే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పరీక్షలు జరిపించారు. నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించారు. అక్కడే రూపాబాయి ఫర్దూన్‌జీ ఎందరికో మత్తు ఇచ్చారు. తోటి మనిషి బాధను విధిరాతగా వదిలేయని వాళ్లు వీళ్లంతా. కత్తి ముందు మనం ధైర్యంగా కళ్లు మూసుకోగలగడం వాళ్లు పెట్టిన భిక్షే.