ఖాళీ తొట్టి

కారమడైలో మా ఇంట్లో ఆగమన కాలం మొదటి ఆదివారమే పశువుల పాక కడతాం. 1223లో గ్రేచ్చో ఊళ్లో పునీత ఫ్రాన్సిస్ నిజం ఎద్దును, గాడిదను నిలబెట్టి మొదలుపెట్టిన ఆచారమిది. తొట్టి మాత్రం 24వ తేదీ రాత్రి దాకా ఖాళీయే. పిల్లలు ఒక మంచి పని చేస్తే అందులో ఒక గడ్డిపోచ వేస్తారు.

గుడిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. తెలుగు జపం ఈ పాక ముందు మాత్రమే. మేము చదివింది కన్నడ మీడియం. ఆ అక్షరాల పోలికతోనే తెలుగు జపాల పుస్తకం కూడబలుక్కుంటాం.

నిరుడు మంగళవార్త జపంలో ఒక మాట తప్పు పలికితిమి. "అవ్వ ఇట్ల చెప్పదు" అనింది చిన్నది. అవ్వ పోయి రెండేళ్లు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేది మా ఉద్యోగం. ఇంట్లో మా తప్పు అది పట్టింది. పిల్లలకు మేమే నేర్పుతున్నామనుకుంటిమి. ఆ రాత్రి నుంచి జపం చిన్నదే మొదలుపెడుతుంది, మేము వెనక పలుకుతాం.