పుట్టినరోజు ప్రయాణానికి ముందొక సూదిమందు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెలిసింది 1998లో. ఆ చుట్టుపక్కల గాజు మేడల్లో రాత్రనకా పగలనకా కుర్చీకి అతుక్కుని పనిచేసే మీకు, పుట్టినరోజు నాడైనా ఏ సముద్రపు దీవికో వెళ్లి రావాలనిపించడం సహజమే. వెళ్లండి, మనసుకీ ఒంటికీ మంచిదే.

కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్‌కే వెళ్తున్నారనుకుందాం. మరకాస్ తీరాన కొబ్బరిచెట్ల నీడ. వీధి బండి దగ్గర శనగల కూర పెట్టి ఇచ్చే ‘డబుల్స్’ రొట్టెలు. 1845 నుంచి మన దేశపు కూలీలు చెరకు తోటల్లో పనికోసం ఓడలెక్కి చేరిన దీవి అది.

అయితే టిక్కెట్టు కొనేముందు ఒక్క మాట. ఆ దీవి అడవి కోతుల్లో యెల్లో ఫీవర్ బయటపడిన సందర్భాలున్నాయి. మనకు డెంగ్యూ అంటించే ఏడిస్ దోమే ఆ జ్వరాన్నీ అంటిస్తుంది. ఆ దోమ హైదరాబాదులో ఉంది. జబ్బు మాత్రం మన దేశంలో లేదు. అది ఇక్కడ అడుగుపెట్టకూడదనే, టీకా సర్టిఫికెట్ లేకుండా అక్కణ్ణుంచి తిరిగొచ్చినవారిని 6 రోజుల దాకా విడిగా ఉంచుతారు. పండుగ సంబరమంతా ఆవిరైపోతుంది.

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. వేయించుకున్న 10 రోజులకు గాని సర్టిఫికెట్ చెల్లదు. ఆపైన జీవితాంతం చెల్లుతుంది. గర్భిణులు, 60 ఏళ్లు దాటినవారు, గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ముందుగా డాక్టరును సంప్రదించాలి.

అక్కడ నిండు చేతుల బట్టలు వేసుకోండి. ఈ దోమ పగలే కుడుతుంది. తిరిగొచ్చాక జ్వరం తగిలితే, ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు మొదటే చెప్పండి.